యేసుప్రసాద్ వాళ్లమ్మ కంప్యూటర్

ప్రార్థన ఓర్వకల్లు దాటింది. దావీదురాజు అయ్యగారి ప్రార్థనలో ఎక్కడున్నామో తెలుసుకోవడానికి నిస్సీ సొంతంగా పెట్టుకున్న గుర్తులివి. ఇరవయ్యేళ్లుగా కర్నూలు నుంచి కడపకు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నట్టే ఆయన ప్రార్థనలోనూ కూర్చుంటోంది కనుక దారంతా కంఠతా వచ్చేసింది. బస్టాండులో బస్సు కదలడమంటే ‘మా ప్రియ పరలోకపు తండ్రీ’, ఓర్వకల్లంటే స్తోత్రాలు, పాణ్యం దగ్గర పాపాలు ఒప్పుకోవడం, నంద్యాలలో దేశాన్నేలే వాళ్ల కోసం, అక్కడ బస్సు టీకి ఆగినట్టు ఆయనా చాలాసేపు ఆగుతాడు, ఆళ్లగడ్డలో వానల కోసం, చాగలమర్రిలో రోగుల కోసం, దువ్వూరులో ఆ రోజు ఏ వస్తువు కోసం పిలిపించారో ఆ వస్తువు కోసం. దాని తర్వాత మైదుకూరు. మైదుకూరు దాటితే కడప, అంటే ఆమెన్. ఇవాళ ఆమె భయమంతా మైదుకూరు గురించే.

కల్లూరులో వాళ్ల ముందుగది పన్నెండడుగులది, అందులో ఐదుగురు మనుషులు కండ్లు మూసుకుని నిలబడి ఉన్నారు. మధ్యలో టేబుల్ మీద నల్లటి కంప్యూటర్ పెట్టె ఒకటి ఉంది, దానికి కండ్లు లేవు కనుక మూసుకోలేదు. కొత్త వస్తువేది ఇంటికొచ్చినా అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి దేవుని చేతికి అప్పగించాకే వాడటం వాళ్లింటి ఆనవాయితీ. మిక్సీకి కూడా జరిగింది, ఆయన రావడం ఆలస్యమై ఆ పూట చట్నీ రోట్లోనే నూరుకున్నారు. టేబుల్‌కు అటుపక్క అత్త విశ్వాసమ్మ, కొంగు తలమీదికి లాక్కుని. ఆమె పక్కన కొడుకు హెన్రీ, అంటే నిస్సీ భర్త, మంగంపేట ముగ్గురాయి గనుల ఆఫీసులో గుమాస్తా, శనివారం పొద్దున వచ్చి ఆదివారం సాయంత్రం పోయే మనిషి. తలుపు దగ్గర, చెప్పులు బయట విడిచి, జేబులోని చేతిగుడ్డ తలమీద కప్పుకుని, మర్యాదగా చేతులు కట్టుకుని ఖాజా భాయ్. కింగ్ మార్కెట్ దగ్గర కంప్యూటర్ సామాన్ల షాపు ఆయనది. పెట్టెను ఆటోలో ఒళ్లో పెట్టుకుని తనే తెచ్చాడు. తేవడానికి షాపులో మనుషులున్నారు, కానీ ఆయన వచ్చింది పెట్టె కోసం కాదు, యేసుప్రసాద్‌ను చూసి పోదామని. యేసుప్రసాద్ నిస్సీ కొడుకు. ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ, కొంచెం మొండి, కంప్యూటర్ విషయంలో మాత్రం మహా గట్టివాడు. యేసుప్రసాద్‌లో ఒకటే లోటు. వాడు లేడు.

మైదుకూరు అంటే గర్భఫలం. పెళ్లయిన రెండో ఏట హెన్రీ బండి కొన్నప్పుడు మొదలైంది. బండికి ప్రార్థన జరుగుతుంటే విశ్వాసమ్మ మెల్లగా, అయ్యా ఆ సంగతి మరువద్దు అని గుర్తు చేసింది. ఆయన మరువలేదు, ఈ బండి చక్రం కదిలినట్టు ఈ ఇంట ఊయల కదలాలని అడిగాడు. ఆ తర్వాత ఆయనకు ఎవరూ గుర్తు చేసే పని లేకపోయింది. ఫ్రిజ్ వచ్చిన రోజు ఈ పెట్టె నిండినట్టు ఈమె ఒడి నిండాలన్నాడు. బోరు వేయించిన రోజు ఎండిన నేలలో ఊటలు పుట్టించేవాడా అని ఎత్తుకున్నాడు, ఆ బోరు నాలుగు వందల అడుగులు దుమ్ము కక్కి ఊరుకుంది, ఆ పోలికను మళ్లీ ఎవరూ తేలేదు. నిస్సీ ఏడ్చిన రోజులు లేవా అంటే ఉన్నాయి, ఆసుపత్రుల బెంచీల మీద కూర్చున్న రోజులూ ఉన్నాయి. అవి ఎప్పటివో. ఇప్పుడామెకు నలభై రెండు, ఆ కోరిక లోపల ఎప్పుడు సద్దుమణిగిందో ఆమెకే తెలియదు, స్టవ్ ఆపిన తర్వాత కుక్కర్ చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ చెప్పలేనట్టు. దేవుడు కూడా గమనించి ఊరుకున్నట్టే ఉన్నాడు. గమనించనిది అయ్యగారొక్కరే. ఇంకో పావుగంటలో, గది మొత్తం మోగేటట్టు, సంతానం లేని ఈ నీ బిడ్డను జ్ఞాపకం చేసుకో అంటాడు. తలుపు దగ్గర ఖాజా భాయ్ కండ్లయితే మూసుకున్నాడు గానీ చెవులు మూసుకోలేదు.

పాణ్యం. తెలిసి చేసినవి, తెలియక చేసినవి అంటున్నాడు అయ్యగారు. ఈ ఆరు వారాల్లో తెలియక చేసినవి నిస్సీకి ఒక్కటీ గుర్తు రాలేదు. మొదటిరోజు మాత్రం సగం తెలిసి సగం తెలియక. షాపులో గాజుబల్లకు అటుపక్క ఖాజా భాయ్, ఇటుపక్క వీపులకు బ్యాగులు తగిలించుకున్న కాలేజీ పిల్లలు ముగ్గురు, వాళ్ల మధ్యలోకి కూరగాయల సంచితో ఆమె దూరింది, సంచిలోంచి మునక్కాయలు తలలెత్తి అందరినీ చూస్తుండగా. పెద్ద గేములు ఆడే కంప్యూటర్ కావాలి, రెడీమేడ్ వద్దు, ఒక్కొక్కటి ఎంచుకుని కట్టించుకోవాలి అంది. షాపు మొత్తం ముందు ఆమెను, తర్వాత మునక్కాయలను చూసింది. బాబుకా మేడమ్ అన్నాడు ఖాజా భాయ్, ఎంతో మర్యాదగా. నాకు అని చెప్పడానికే నోరు తెరిచింది. ఆ ముగ్గురు పిల్లల్లో ఒకడు నవ్వడానికి సిద్ధంగా పెదవి కొరుక్కున్నాడు, అది కంటపడింది, నోట్లోంచి వచ్చింది మాత్రం ఆ అని ఒక్క అక్షరం. అంతే, పురిటినొప్పులు, పొత్తిగుడ్డలు, టీకాలు, ఎల్కేజీ సీటు ఏమీ లేకుండా నేరుగా ఇంటర్ ఫస్టియర్‌లో ఆమెకు కొడుకు పుట్టాడు. ఏ గ్రూపు అంటే ఎంపీసీ అంది, తాను బైపీసీ తీసుకుని బీయస్సీ దాకా కప్పలు కోసింది కనుక పిల్లవానికైనా ఆ బాధ వద్దనుకుంది. పేరడిగితే తడుముకోకుండా చెప్పింది. అంత తడుముకోకుండా ఎలా వచ్చిందా అని తర్వాత కొంచెం ఆశ్చర్యపోయింది, పద్దెనిమిదేళ్ల కిందట ఎప్పుడో అనుకుని పెట్టుకున్న పేరు, పైన అటక మీద ఉన్నట్టుంది. ఖాజా భాయ్ ఆమె నంబరును ఫోన్లో యేసుప్రసాద్ వాళ్లమ్మ అని దాచుకున్నాడు. షేర్ ఆటోలో ఇంటికొస్తూ ఆ మాటను ఒకసారి నోట్లో తిప్పి చూసుకుంది. బాగుండీ బాగాలేకుండా ఉండింది, ఉప్పు మరిచిన మజ్జిగ మాదిరి. ఆటోలో పక్కన కూర్చున్నామె ఏమ్మా నవ్వుతాండావు అని అడిగింది. ఏం లేదు, మా పిల్లోడు గుర్తొచ్చినాడు అంది నిస్సీ. ఆ మాత్రం చెప్పాక ఇక వెనక్కి తీసుకునే దారి లేదు.

ఇంట్లో చెప్పింది వేరే అబద్ధం. ఆదివారం బడి పిల్లలకు బొమ్మల పాఠాలు చూపించేదానికి కంప్యూటర్ అని హెన్రీకి ఫోన్లో చెప్పింది. మంచి పని, అన్నాడు హెన్రీ. రాజంపేట దగ్గర అమ్మ వాటా చేను అమ్మగా వచ్చిన డబ్బు చేతిలో ఉంది కనుక ఎట్లా అని కూడా ఎవరూ అడగలేదు. అసలు సంగతి చెప్పి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు, నవ్వేవాళ్లు. కొట్టేవాళ్ల ఇంట్లో అయితే ధైర్యం చేయొచ్చు, నవ్వేవాళ్ల ఇంట్లో కష్టం. హెన్రీ వాళ్ల ఆఫీసులో పనికిరాదని పక్కన పడేసిన ల్యాప్‌టాప్ ఒకటి ఇంటికి తెచ్చాడు, రెండేళ్లయింది. అందులో మధ్యాహ్నాలు, అంట్లయిపోయాక, ఆమె గేమ్ ఆడేది. అందులో ఆమె పేరు నిస్సీ కాదు, వయసు నలభై రెండు కాదు, నడుము నొప్పి లేదు. గుర్రముంది, కత్తి ఉంది, ఎంత దూరమైనా ఆగని అడవి ఉంది. దొంగలు ఎదురైతే నరికి పారేసి వాళ్ల సంచుల్లోని రొట్టెలు తీసుకుంటుంది, ఎవరికీ వడ్డించే పని లేదు. విశ్వాసమ్మ పక్కన మంచమ్మీద పడుకుని ఒక కన్ను తెరిచి, ఎవురినే అట్లా కొట్టి చంపుతాండావు, వాళ్లేం చేసినారు నీకు అనేది. అన్నీ బాగానే ఉండేవి, వాన దగ్గరే వచ్చేది చిక్కు. గుర్రమెక్కి కొండ దిగేటప్పటికి ఆకాశం నల్లబడుతుంది, మొదటి చినుకు ఆకు మీద పడుతుంది, అంతే, ల్యాప్‌టాప్ గురక పెట్టి బిగుసుకుపోతుంది. గుర్రం కాలెత్తి అట్లే నిలబడుతుంది. రెండేళ్లలో ఆమె ఆ అడవిలో ఒక్క వానా చూడలేదు. ఈడ చూస్తే బయటా వాన లేదు, లోపలా అంతేనా? ఆ పిదపే షాపుకు పోయింది.

నంద్యాల వచ్చింది, ఏలేవాళ్లకు జ్ఞానమియ్యమంటున్నాడు, బస్సు చాలాసేపు ఆగుతుంది. ఖాజా భాయ్ కూడా మొదట జ్ఞానమే అమ్మాలని చూశాడు. ప్రాసెసర్ అంటే మెదడు మేడమ్, బాబుకు అన్నిటికన్నా పెద్ద మెదడు పెట్టిద్దాం అన్నాడు. మరుసటిరోజు పోయి బాబు ఒప్పుకోలేదన్నా అంది. మంగంపేటలో కాటా దగ్గర ఒక్కడు నిదానస్తుడైతే వెనక నలభై లారీలు నిలబడిపోతాయని ప్రతి శనివారం హెన్రీ అన్నం తింటూ వాపోతాడు. మెదడెంత పెద్దదైనా బొమ్మను గీసే కార్డు నిదానమైతే మెదడు లారీ మాదిరి నిలబడాల్సిందే, రెండూ ఈడుజోడుగా ఉండాలి, పెళ్లిసంబంధం చూసినట్టు చూడాలి, ఒకటి ఎక్కువై ఇంకోటి తక్కువైతే ఆ కాపురంలో ఎప్పుడూ ఒకరు ఇంకొకరి కోసం ఎదురుచూస్తూ కూర్చోవడమే. ఈ లోతులన్నీ ఆమెకు వీడియోల్లో తెలిశాయి, దేశంలోని పద్దెనిమిదేళ్ల పిల్లలందరూ ఆమెకు గురువులే, వాళ్లు హిందీలోనూ ఇంగ్లీషులోనూ అరుస్తుంటే ఈమె వంటల నోటుబుక్కులో గుత్తివంకాయకూ ఉలవచారుకూ మధ్య ఉన్న ఖాళీ పేజీల్లో రాసుకుంది. లారీల పోలిక విని ఖాజా భాయ్ గడ్డం నిమురుకున్నాడు. ఇంటర్ పిల్లోడు చెప్పినాడా ఇది అన్నాడు. చెప్పింది వాళ్ల నాన్న, అంది నిస్సీ, అంతవరకు నిజమే. పెట్టెలో అన్నిటికీ కింద పరుచుకుని ఉండే మదర్‌బోర్డు గురించి మాత్రం ఇద్దరికీ పేచీ రాలేదు. అన్నీ దాని మీదే ఆధారపడతాయి, దాన్ని మాత్రం ఎవరూ మెచ్చుకోరు, అటువంటిదాన్ని అద్దంలో రోజూ చూస్తోంది కనుక నిస్సీ దాన్ని గట్టిది చూసి తీసుకుంది.

హెన్రీ ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు, అంటే ఆయనకు నిద్ర వస్తోంది. ఫ్యాన్ మూడో నంబరు మీదే తిరుగుతోంది, ఐదుకు పెడితే అయ్యగారి గొంతుకు పోటీ వస్తుందని అత్త ఒప్పుకోదు. ఖాజా భాయ్ ఒకసారి గేటు వైపు చూశాడేమో, ఆమె సగం తెరిచిన కంటికి అట్లా అనిపించింది. పొద్దున ఆయన ఆటో దిగేటప్పటికే అయ్యగారూ దిగారు, ఇద్దరూ ఒకేసారి గేటులోకి వచ్చారు, బాబు యాడ మేడమ్ అని ఆయన మెల్లగా అడిగితే ట్యూషన్‌కు పోయినాడని ఇంకా మెల్లగా చెప్పింది. పర్వాలేదు, వచ్చిందాకా ఉంటానన్నాడు. లోపలికొచ్చి హెన్రీ వేసిన కుర్చీలో కూర్చుని, సార్, మీ బాబు ఉండాడే, అని మొదలుపెట్టాడు కూడా. అప్పుడే అయ్యగారు ప్రార్థన చేద్దామా అని లేచాడు. రక్షించింది ప్రార్థనే. ముంచబోయేదీ ప్రార్థనే.

అంతకుముందు ఇంకో గండం గడిచింది. అయ్యగారు పెద్ద శ్రద్ధ గల మనిషి, భాగం భాగానికీ పేరుపేరునా ప్రార్థన చేయాలని ఖాజా భాయ్‌ని పక్కన నిలబెట్టుకుని, ఒక పెండ్లిపత్రిక వెనక అన్నీ రాసుకున్నాడు. ఇది మెదడయ్యా, ఇది బొమ్మలేసేది, ఇవి జ్ఞాపకం పెట్టుకునేవి, వీటికి నాలుగు గూళ్లు ఉండాయి, రెండు నింపినాం, రెండు ఖాళీ, అని ఖాజా భాయ్ పాపం ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఖాళీ అనే మాట దగ్గర అయ్యగారి పెన్ను ఆగింది. ఆయన ముఖంలో ఒక వెలుగు. ఆ వెలుగును ఫ్రిజ్ రోజు చూసింది నిస్సీ, బోరు రోజు చూసింది. ఖాళీ గూళ్లను నింపువాడా అని ఆయన ఎత్తుకునేదేదో ఆమెకు ఇప్పుడే వినబడుతోంది.

చాగలమర్రి. ఆళ్లగడ్డలో వానను రెండే ముక్కల్లో అడిగి వదిలేశాడు, ఎన్నిసార్లు అడిగినా రానిదాన్ని ఆయనా నెమ్మదిగా తగ్గిస్తున్నట్టున్నాడు, మైదుకూరులో కూడా ఆ పద్ధతి పెట్టొచ్చు కదా. జ్వరాలతో పడి ఉన్నవాళ్లను ముట్టుమంటున్నాడు. ఈ ఊళ్లో మే నెలలో మనుషులకే కాదు, గోడలకూ జ్వరమే, అటువంటిచోట కంప్యూటర్ మెదడు చల్లగా ఎట్లా ఉండాలి అనేది రెండు వారాల పంచాయితీ. లోపల గొట్టాల్లో నీళ్లు తిప్పి చల్లబరిచేవి వచ్చాయి, పిల్లలందరూ అవే తీసుకుంటారన్నాడు ఖాజా భాయ్. నిస్సీ ఇంటికొచ్చి, లోపల నీళ్లు తిరిగే కంప్యూటర్లు వచ్చినాయంట అత్తా అని మాటవరసకు అంది. విశ్వాసమ్మ బియ్యంలో రాళ్లేరుతూ, మన కుళాయిలో తిరగని నీళ్లు దాంట్లో తిరుగుతాయా, కారితే కరెంటు పెట్టెలో ఎవురు చేయి పెడతారు అంది. మరుసటిరోజు, వాళ్ల జేజి వద్దంది అన్నా, గాలితో చల్లబరిచేదే పెద్దది పెట్టించు అని చెప్పింది. యేసుప్రసాద్‌కు ఆ రోజు జేజి కూడా వచ్చి చేరింది. పెట్టెకు ముందువైపు గాజు తలుపు, రంగురంగుల లైట్లు ఉన్నది చూపిస్తే అదీ వద్దంది, పక్కన నాపరాళ్ల పాలిష్ యూనిట్లున్నాయి, గాజు అందంగా ఉంటుంది గానీ జల్లెడయితేనే గాలి వస్తుంది, దుమ్ము రాదు, గోధుమపిండి జల్లించే ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది. బాబు అట్లా అన్నాడా? ఆ, అట్లే అన్నాడు. ఇక కరెంటిచ్చే పవర్ సప్లై దగ్గర నిజంగానే కొట్లాట. ఈ చిన్నది చాలు మేడమ్, పిల్లోనికి నచ్చచెప్పండి అన్నాడు ఖాజా భాయ్. వెయ్యిమంది పెండ్లికి ఒక్క వంటవాణ్ణి పెట్టి చాలునంటే చాలుతుందా, కల్లూరు కరెంటు సంగతి ఆయనకు తెలియదా? నిస్సీ మాట మీద మాట అనలేదు. మూడో రోజు పోయి, బాబు బాధపడినాడన్నా, అన్నం కూడా తినలేదు అంది. లేని పిల్లవాడు తినని ఆ అన్నం ఖాజా భాయ్‌ని రెండు రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. హైదరాబాద్ నుంచి అసలైనది తెప్పించి తనే ఫోన్ చేశాడు, తినమని చెప్పండి మేడమ్ అని. ఫోన్ పెట్టేసి నిస్సీ వంటింట్లో నిలబడి చాలాసేపు నవ్వింది, నవ్వు సగంలో ఆగి, అయ్యో పాపం అనిపించింది, పాపం ఎవరు అనేది మాత్రం తేల్చుకోలేదు.

బొమ్మలు గీసే కార్డు దగ్గర ఖాజా భాయ్ పూర్తిగా పడిపోయాడు. అది పెట్టెలో అన్నిటికన్నా ముఖ్యమైనది, అది లేకుంటే వాన లేదు. ఆయన ఎంచిన కార్డు అన్ని విధాలా సరిపోతుందన్నాడు. బాబు కొలుచుకోమన్నాడన్నా, అని నిస్సీ చేతిసంచిలోంచి జాకెట్లు కొలిచే టేపు తీసింది. కార్డు పొడవు కొలిచింది, పెట్టె లోపలి చోటు కొలిచింది, వేలెడు తక్కువ. షాపులో ఉన్న పిల్లలు కూడా టేపు వైపు మెడలు సాచారు. బ్లౌజు చంక దగ్గర బిగిస్తే విప్పి కుట్టొచ్చు, దీన్ని విప్పి కుట్టేది కాదు కదా అంది, అది బాబు అన్నట్టు చెప్పడం మరిచిపోయి. ఖాజా భాయ్ అది గమనించలేదు. వాణ్ణి ఒకసారి చూడాల మేడమ్ అన్నాడు. అప్పటినుంచీ ప్రతిసారీ వానికో మాట పంపేవాడు, పరీక్షలు దగ్గరికొచ్చినాయి, చదువు చెడగొట్టుకోవద్దని చెప్పండి, కండ్లు పాడవుతాయి, దూరంగా కూర్చొని ఆడమనండి. చెబుతాలే అన్నా అనేది. ఆరు వారాలు ఒక మనిషి ఆమెతో ఊరగాయల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ కాకుండా వేరేదాని గురించి మాట్లాడాడు, వాదించాడు, ఓడిపోయి ఒప్పుకున్నాడు. నిజమే, ఆయన మాట్లాడింది ఆమె భుజం మీదుగా వెనకున్న ఇంకెవరితోనో. అయినా వినింది ఆమే కదా. ఆ మాట్లాడుకోవడం ఒక్కటి పోతుందనే ఇప్పుడామె భయం.

దువ్వూరు. పెండ్లిపత్రిక గరగరలాడింది. ప్రభువా, ఈ ప్రాసెసర్ అను మెదడును, ఈ పవర్ సప్లై అను శక్తిని, ఈ చల్లబరచు పంకాను ఆశీర్వదించుము అంటున్నాడు అయ్యగారు, తప్పు లేకుండా చదువుతున్నాడు, ఖాజా భాయ్ తల ఊపుతున్నాడు. ఇంతవరకు నిస్సీకి అభ్యంతరం లేదు. ‘ఈ యంత్రము రేపటి దినమున నీ మందిరములో, నీ చిన్నబిడ్డల మధ్య నిలిచినప్పుడు’ అన్నాడు. నిస్సీ రెండు కండ్లూ తెరిచింది. మందిరంలోనా? కిటికీలోంచి గేటు బయట ట్రాలీ ఆటో కనబడింది. పొద్దున ఆయన స్కూటర్ మీద కాకుండా అందులో ఎందుకొచ్చాడా అనుకుంది, ఇప్పుడర్థమైంది, ట్రాలీలో పాత దుప్పటి కూడా పరిచి ఉంది, పెట్టెకు దెబ్బ తగలకుండా. ఆదివారం బడికి అని చెప్పింది తనే. ఆయన నమ్మాడు. నమ్మినవాడు ఆటో తెస్తాడు, దాంట్లో ఆయన తప్పేముంది. హెన్రీ కండ్లు మూసుకుని ప్రశాంతంగా తల ఊపుతున్నాడు, ఈయనకు ముందే తెలుసు, ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుని ఉంటారు. ఆమెన్ అనగానే ఐదు నిమిషాల్లో వాన, గుర్రం, అడవి అన్నీ దుప్పటి మీద కూర్చుని మందిరానికి పోతాయి, హార్మోనియం పక్కన బీరువాలో తాళం పడుతుంది. దానికన్నా ముందు మైదుకూరులో ఖాజా భాయ్‌కి తెలిసిన యేసుప్రసాద్ చచ్చిపోతాడు. నోరు మూసుకుంటే రెండూ పోతాయి. నోరు తెరిస్తే పరువొక్కటే పోతుంది. పరువు ఒక్కటే అయితే, అది ఇంట్లో మధ్యాహ్నాలు పెద్దగా అక్కరకొచ్చే వస్తువు కాదు.

అయ్యగారు ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి ఆమెకు తెలుసు. ‘ఖాళీ గూళ్లను నింపువాడవైన తండ్రీ, నీ బిడ్డ నిస్సీని,’ అన్నాడు.

‘‘అయ్యగారూ, ఒక్క నిమిషం ఆపండి.’’

ముప్పై ఏళ్ల పరిచర్యలో దావీదురాజు అయ్యగారి ప్రార్థనను మధ్యలో ఆపిన మనిషి లేడు. ఒకసారి పందిరి కూలింది, పందిరి కింద నుంచే కొనసాగించాడు. ఇప్పుడు మాత్రం నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు, ల్యాప్‌టాప్‌లో వాన పడినట్టు.

‘‘ఆ సంగతి అడగొద్దండి,’’ అంది నిస్సీ. ‘‘పద్దెనిమిదేండ్లు అడిగినారు, శానా అడిగినారు. చాలు. ఇది మందిరానికి కాదు, ఆదివారం బడికీ కాదు. అబద్ధం చెప్పినా. ఇది నాకు. ఆడుకునేదానికి తెచ్చుకున్యా.’’ అక్కడ ఆగి ఉండొచ్చు. కానీ తలుపు దగ్గరి మనిషి ఇంకా కండ్లు మూసుకునే ఉన్నాడు, తనకు సంబంధం లేని ఇంటి గొడవ వినరాదన్నట్టు. ‘‘ఖాజా అన్నా, బాబు ట్యూషన్‌కు పోలేదు. నాకు బాబు లేడు.’’

ఖాజా భాయ్ కండ్లు తెరిచాడు. చేతిగుడ్డ ఒకపక్కకు జారింది. ఆమెను చూసి, పెట్టెను చూసి, మళ్లీ ఆమెను చూశాడు.

‘‘జల్లెడ ఉన్న పెట్టె కావాలన్నది?’’

‘‘నేనే.’’

‘‘లారీల లెక్క చెప్పింది?’’

‘‘నేనే.’’

‘‘మరి అన్నం తినంది?’’

‘‘అది మాత్రం ఎవరూ కాదన్నా. నేను తిన్యా.’’

ఆయన తలుపుకు ఆనుకున్నాడు. ‘‘మీసం మొలవని పిల్లోడు నన్ను ఓడించినాడని మా ఇంట్లో రోజూ చెప్తాంటి,’’ అన్నాడు, ఎవరితోనో కాదు, ఆమెతోనే.

‘‘మీసం లేని మాట నిజమే కదన్నా,’’ అంది నిస్సీ.

హెన్రీ అప్పటికి పూర్తిగా మేల్కొన్నాడు. ఆదివారం బడికి అంటివే అన్నాడు. అంటి, అంది. ఆడుకునేదానికి ఇంత పెద్దదా అన్నాడు. వాన పడాలంటే ఇంత కావాల అంది. హెన్రీకి అర్థం కాలేదు, కానీ కాటా దగ్గర ముందున్న లారీ కదిలిందాకా వెనకవాళ్లు ఏమీ చేయలేరని ఎరిగిన మనిషి కనుక ఊరుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. అదొక్కటే నిస్సీ లెక్క తప్పింది. అందరూ మెల్లగా ఒకే వైపు తిరిగారు, ఆ ఇంట్లో చివరి మాట ఎవరిదో అయ్యగారికి కూడా తెలుసు.

విశ్వాసమ్మ కండ్లు తెరవనే లేదు. కొంగు సరిచేసుకుంది. ఆ సంగతి మరువద్దయ్యా అని మొదటిసారి చెప్పింది తానేనని ఆమెకు గుర్తొచ్చిందో లేదో ముఖం చూస్తే తెలియదు. నిస్సీ పెట్టె మీద చేయి వేసింది, పడిపోకుండా పెట్టెను పట్టుకుందో తనను తాను పట్టుకుందో.

‘‘కండ్లు మూసుకోండి అందరూ,’’ అంది విశ్వాసమ్మ. ‘‘దేవుణ్ణి సగంలో నిలబెట్టి ఏం మాటలివి.’’ తర్వాత అయ్యగారి వైపు కాస్త తిరిగింది. ‘‘బిడ్డ ఆడుకుంటుందంట. ఆడుకోనీ అని చెప్పి ముగించప్పా.’’

అయ్యగారు పెండ్లిపత్రిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. అందులో ఇది రాసి లేదు.

‘‘ప్రభువా,’’ అన్నాడు. మళ్లీ ఆగాడు. ‘‘ఆడుకోనీ.’’

అంత చిన్న ప్రార్థన అయిపోయిందని ఎవరికీ తెలియలేదు. తలుపు దగ్గర చేతిగుడ్డ మళ్లీ తలమీద సర్దుకుని, అందరికంటే ముందు, ఖాజా భాయ్ అన్నాడు. ‘‘ఆమీన్.’’